ఎర్రగడ్డ వంటింట ఫిలిప్పీను కూర

ఎర్రగడ్డ అను మాటకు తెలుగునాట రెండు అర్థములున్నవి. రాయలసీమ సంతలో ఎర్రగడ్డలు కావలెనంటే ఉల్లిపాయలు తూచి ఇస్తారు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట పేరు. ఆ పేరు వినగానే పేటకంటె ముందు జ్ఞాపకము వచ్చేది అక్కడి మానసిక చికిత్సాలయము. ఎవరైనా కొంచెము విడ్డూరముగా మాటలాడితే “వీరిని ఎర్రగడ్డకు పంపవలసినదే” అనుట ఈ నగరములో పాత హాస్యము. చాలా ఏండ్లుగా ఈ పేటలో కాపురమున్నదానను కనుక ఆ హాస్యమునకు నవ్వుట నేను ఎన్నడో మానుకొన్నాను. ఒక ఊరి పేరుకు గాని, ఒక జంతువు పేరుకు గాని ఇట్టి మరక ఒకసారి అంటుకొన్నదంటే సబ్బుకు లొంగేది కాదు.

అయితే నేను చెప్పబోయేది వంట సంగతి. ఆ వంట ఉల్లిపాయతో మొదలై కొబ్బరిపాలతో పూర్తి అవుతుంది. దాని పేరు గినతాన్. ఫిలిప్పీను దీవుల వారి ఇంటింటి కూర.

మా అన్నగారి అమ్మాయి దావో నగరములో వైద్యవిద్య ముగించుకొని వచ్చినది. మన రెండు రాష్ట్రముల నుండి ఎందరో పిల్లలు ఆ దీవులకు వైద్యవిద్యకై పోతున్న సంగతి ఉపాధ్యాయులైన పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మీ శిష్యులలోనే ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. అక్కడ చదివి వచ్చినవారు ఇక్కడ వైద్యము చేయవలెనంటే ఒక అర్హతా పరీక్షలో 300 మార్కులకు 150 తెచ్చుకొనవలెను. ఆ పరీక్షకు శిక్షణ ఇచ్చే తరగతులు అమీర్‌పేటలో ఉన్నవి. మా ఎర్రగడ్డ మెట్రో స్టేషను నుండి అమీర్‌పేట మూడవ స్టేషను. ఆ విధముగా మా మేనకోడలు పుస్తకములతో సహా మా ఇంటికి చేరినది. ఇంటిలో అప్పటికి నేనూ, మా అమ్మగారూ. ఆమెకు ఎనుబది దాటినవి. కోనసీమ ఆమె పుట్టిల్లు.

ఒకనాటి రాత్రి భోజనముల దగ్గర అమ్మాయి మెల్లగా అడిగినది: “అత్తయ్యా, ఒక్క ఆదివారము మన ఇంట్లో బాబోయ్ వండుకోనా?”

“బాబోయ్ ఏమిటే?” అన్నది మా అమ్మ.

“పంది మాంసము, మామ్మా. వాళ్ళ భాషలో పందిని బాబోయ్ అంటారు.”

“బాబోయ్!” అన్నది మా అమ్మ. ఆమె అన్నది తెలుగే. ఆ తరువాత చాలాసేపు ఎవరమూ మాటలాడలేదు.

మా ఇంట కోడి, చేప, రొయ్య ఎన్నడూ నిషిద్ధములు కావు. మేక మాంసము పండుగలకు వండేవారము. పంది మాత్రము గుమ్మము దాటి రాలేదు. ఎందుకని ఎవరూ అడుగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ మౌనములో ఒక విచిత్రమున్నది. దశావతారములలో మూడవది వరాహావతారము. తిరుమలకు పోయినవారు వేంకటేశ్వరుని కంటె ముందు వరాహస్వామిని దర్శించుట ఆచారము. సింహాచలమున వెలసినది వరాహ నరసింహుడు. విజయనగర ప్రభువుల ముద్ర వరాహము, వారి బంగారు నాణెమునకు ప్రజలు పెట్టుకొన్న పేరు వరహా. తెలుగువాడు కొన్ని తరముల పాటు తన సంపదను వరహాలలోనే లెక్కించినాడు. ప్రబంధములలో రాజులు అడవిపందిని వేటాడుట వీరధర్మము. అడవిపంది మాంసమని చెప్పి పంచుకొని తినే గృహస్థులను మా ఊరిలోనే చూచినాను. ఊరపందికి మాత్రము ఈ గౌరవములలో ఒక్కటియు దక్కలేదు. దానిని పెంచే మనిషికి అసలే దక్కలేదు.

అమ్మాయికి ఆ కూరపై మమకారము కలుగుటకు రుచి ఒక్కటే కారణము కాదు. 2020 మార్చిలో మహమ్మారి వలన రాకపోకలు ఆగిపోయినప్పుడు ఫిలిప్పీను నుండి బయలుదేరిన భారతీయ విద్యార్థులు కొందరు కౌలాలంపూరు విమానాశ్రయములో చిక్కుకొని, ప్రత్యేక విమానములలో విశాఖపట్టణమునకు, ఢిల్లీకి చేరినారు. మా అమ్మాయికి ఆ దారియు దొరకలేదు. దావోలోనే ఉండిపోయినది. అంతవరకు పప్పు, చారు వండిపెట్టిన తెలుగు వంటశాల మూతపడినది. గదిలో బియ్యము, ఒక సీసా ఆవకాయ మిగిలినవి. అప్పుడు క్రింది అంతస్తులోని ఇంటావిడ రోజూ మధ్యాహ్నము మెట్లమీద ఒక గిన్నె పెట్టి, దూరముగా జరిగి, కేక వేసి పోయేది. ఆమె బికోల్ ప్రాంతపు మనిషి. లూజాన్ దీవికి ఆగ్నేయమున ఉన్న బికోల్ సీమకు రెండు విషయములలో ప్రసిద్ధి: కొబ్బరిపాలు, మిరపకాయ. తక్కిన ఫిలిప్పీను వంటలలో చాలావానిలో మనవంటి కారము కనబడదు. బికోల్ వారి గిన్నెలో కనబడుతుంది. “మొదటి రోజు అది ఏ మాంసమో అడుగలేదు అత్తయ్యా. రెండవ రోజు అడిగినాను. అప్పటికే తిన్నాను కదా అని మూడవ రోజు కూడా తిన్నాను” అని చెప్పినది.

మా అమ్మ ఈ కథ అంతా విని, “అన్నము పెట్టిన మనిషిని తప్పుపట్టరాదు. కాని ఆ పురుగు మెదడులోకి ఎక్కుతుందట కదా?” అన్నది.

ఇక్కడ అమ్మాయి చెప్పిన సమాధానమును కొంచెము వివరముగా వ్రాస్తాను. తరగతిలో చెప్పదగిన పాఠము. సరిగా ఉడకని పంది మాంసములో తిత్తులు ఉంటే, తిన్నవారి ప్రేగులలో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు కలిగించే వ్యాధి వచ్చే దారి వేరు. అది ఆ పురుగు గ్రుడ్లు కడుపులోకి పోయినప్పుడు వస్తుంది. ఆ గ్రుడ్లు బయటికి వచ్చేది ప్రేగులలో పురుగు ఉన్న మనిషి మలము ద్వారా. కడగని చేతుల వలన, కలుషితమైన నీటి వలన, మురుగుతో పండించి సరిగా కడుగక తిన్న పచ్చి కూరల వలన అవి ఎవరికైనా చేరవచ్చును. పుట్టి బుద్ధెరిగి మాంసము ముట్టనివారికి కూడ ఈ వ్యాధి వచ్చినది ఇందువలననే. “మాంసము గంటసేపు కుతకుత ఉడికితే పురుగు మిగలదు మామ్మా. భయపడవలసినది కడగని కొత్తిమీరకు” అన్నది అమ్మాయి. 1999లో మన రాష్ట్రమున మెదడువాపు వ్యాధి ప్రబలినప్పుడు కూడ పందులపైననే అందరి కోపము. ఆ వ్యాధిక్రిమి పందులలోను, కొంగలలోను వృద్ధి అగుట నిజమే. మనిషికి చేర్చేది మాత్రము దోమ. మాంసము తినుట వలన రాదు. మా అమ్మ కొత్తిమీర వైపు అనుమానముగా చూచి, చివరకు మూడు షరతులు పెట్టినది. వంట మేడమీద జరగవలెను. గిన్నెలు వేరుగా కొనవలెను. ఇంటి గిన్నె ఒక్కటియు ఆ మాంసమునకు తగులరాదు.

శనివారము సాయంకాలము రైతుబజారుకు పోయినాము. 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజార్ల పథకములో మా ఎర్రగడ్డ బజారు పేరుపడినది. ఫిలిప్పీను వంటకు ఏమేమి దొరకవో అని నేను చూస్తుంటే, అన్నీ దొరికినవి. వారి కలబాస మన తీపి గుమ్మడి. వారి సితావ్ మన పొడుగు బొబ్బరికాయ. తలోంగ్ అంటే వంకాయ. మలుంగాయ్ అంటే మునగాకు. వారు దానిని బాలింతలకు పులుసులో వేసి పెడతారట. కాంగ్‌కోంగ్ అని వారు ఇష్టముగా తినేది మన చెరువులలోని తూటికూర. గాబి అంటే చేమ. సయోతే అను కాయను మనవారు బెంగుళూరు వంకాయ అంటారు; అది బెంగుళూరుదీ కాదు, వంకాయా కాదు, మెక్సికో దేశమునుండి వచ్చినది. మెక్సికోలోని అకపుల్కోకు, మనీలాకు మధ్య 1565 నుండి 1815 వరకు స్పెయిను వారి ఓడలు తిరిగినవి. అమెరికా పంటలెన్నో ఆ ఓడలలోనే ఫిలిప్పీను చేరినవి. అదే మిరపకాయను మనకు తెచ్చినది పోర్చుగీసువారు. తూర్పు నుండి ఒక ఓడ, పడమర నుండి ఒక ఓడ. కారము మాత్రము ఒక్కటే.

మాంసము కొనుట ఇంత సులభము కాలేదు. సికిందరాబాదు వైపు ఒక దుకాణము తెలిసినవారు చెప్పగా ఆదివారము ఉదయము ఆటోలో పోయినాము. మనిషి శుభ్రముగా ఉన్నాడు, కొట్టు శుభ్రముగా ఉన్నది, మాంసము మంచుపెట్టెలో ఉన్నది. భుజము దగ్గరి ముక్క, కొవ్వూ కండా కలిసినది, అర కిలో తూచినాడు. తూచి, తెల్ల కాగితములో చుట్టి, నల్ల సంచిలో పెట్టి, దానిని మరియొక నల్ల సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టినాడు. “రెండు ఎందుకండీ?” అన్నాను. “కనబడకుండా అమ్మా. అందరూ అడుగుతారు” అన్నాడు.

ఆటోలో ఆ నల్ల సంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు నాకు ఒక పిల్లవాడు జ్ఞాపకము వచ్చినాడు. నేను ఉద్యోగములో చేరిన తొలి ఏండ్ల మాట. నాలుగవ తరగతి. పెంపుడు జంతువుల పాఠము. మీ ఇంట ఏమి పెంచుతారు అని వరుసగా అడుగుతున్నాను. ఆవు, గేదె, కోళ్ళు, కుక్క. వెనుక వరుసలోని పిల్లవాడు లేచి ఉత్సాహముగా “పందులు టీచర్, పదకొండు” అన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. వాని తలిదండ్రులు బుట్టలు అల్లేవారు, పందులను పెంచేవారు, ఎరుకలవారు. పదకొండు ఈనినదా, కొన్నారా, ఏమి పెడతారు అని నేను అడిగి ఉండవలసినది. ఆవును గూర్చి అడిగినాను కదా! ఏమియు అడుగక “కూర్చో” అని ప్రక్క పిల్లవానిని లేపినాను. నవ్విన పిల్లలను మందలించలేదు. నిజము చెప్పవలెనంటే, నా పెదవులపైన కూడ నవ్వు ఉన్నది. ఆ ఏడాది అంతా ఆ పిల్లవాడు మళ్ళీ చేయి ఎత్తలేదు.

ఎరుక చెప్పే సోదెమ్మను మన సాహిత్యము ఆదరించినది. ఆమె కులమును మాత్రము పరప్రభుత్వము నేరస్థ జాతుల పట్టికలో చేర్చినది. ఆ చట్టము 1952లో రద్దు అయినది. తరగతిగదిలోని నవ్వును రద్దు చేయు చట్టము ఏదీ లేదు. అది ఉపాధ్యాయుని పని. ఆ పని నేను ఆనాడు చేయలేదు.

ఇక వంట. మేడమీద చిన్న గ్యాసు పొయ్యి, కొత్త గిన్నె, కొత్త గరిటె. అమ్మాయి చేసిన క్రమమును ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను, నలుగురైదుగురికి సరిపోతుంది. అర కిలో మాంసమును అంగుళపు ముక్కలుగా కోసి, కడిగి, నీరు ఒత్తివేయవలెను. గిన్నెలో రెండు చెంచాల నూనె వేసి, రెండు ఉల్లిపాయల తరుగు, ఆరు వెల్లుల్లి రేకలు, అంగుళము అల్లము చితుకకొట్టి వేయించవలెను. ఉల్లి మెత్తబడినాక మాంసము వేసి, ముక్కల పచ్చిదనము పోయి కొవ్వు కొంచెము కరిగేవరకు కలుపవలెను. ఇక్కడ ఫిలిప్పీను వారు బాగోంగ్ అను ఊరవేసిన రొయ్యల ముద్ద వేస్తారు. అది లేనిదే వారికి కూర కాదు. అది మనకు సులభముగా దొరకదు. దొరికినా దాని వాసనకు మా అమ్మ నాలుగవ షరతు పెట్టి ఉండేది. దానికి బదులు అమ్మాయి ఎండు రొయ్యలను వేయించి, తలలు తీసి, పొడిచేసి ఒక పెద్ద చెంచా వేసినది. ఆ వాసన మేడ మెట్లు దిగి క్రిందికి పోయినది.

ఆ వాసనకే మా అమ్మ పైకి వచ్చినదని నా నమ్మకము. ఎండు రొయ్యల వాసన కోనసీమ మనిషిని ఎంత దూరమునుండియైన లాగగలదు. వచ్చి చూచేసరికి అమ్మాయి డబ్బాలోని కొబ్బరిపాలను తెరవబోతున్నది. “అది పాలటే?” అన్నది మా అమ్మ. ఆ తరువాత అరగంట వంట ఆగిపోయినది. ముదురు కొబ్బరికాయ తెప్పించి, కత్తిపీట పైకి తెప్పించి, ఆ వయస్సులో ఆమె స్వయముగా కూర్చుండి కోరినది. ఇంటి కత్తిపీట మేడకు రావచ్చునా అని మేము అడుగలేదు. కోరును గోరువెచ్చని నీటితో ఒక గిద్దెడు మాత్రము చేర్చి రుబ్బి, గుడ్డలో వేసి పిండినది. అవి మొదటి పాలు. ఆ పిప్పికే మళ్ళీ రెండు గ్లాసుల నీరు చేర్చి పిండినవి రెండవ పాలు. అమ్మాయి నవ్వి, వారి దేశములో కూడ ఇదే పద్ధతి అనీ, మొదటి పాలకు కాకాంగ్ గాతా అని వేరే పేరు ఉన్నదనీ చెప్పినది.

గాతా అంటే కొబ్బరిపాలు. ఆ మాట నడుమ ‘ఇన్’ చొప్పించి, చివర ‘అన్’ తగిలిస్తే గినతాన్. అనగా కొబ్బరిపాలలో వండినది. తెలుగులో ప్రత్యయములు మాట చివరనే చేరుతవి. మాట కడుపు చీల్చి లోపల అక్షరములు పెట్టు అలవాటు మనకు లేదు. భాషాబోధకులకు ఇది మంచి ఉదాహరణము. ఆ తగలాగ్ భాషలోనే ఉపాధ్యాయుని గురో అంటారు, ముఖమును ముఖా అంటారు, ఆశను ఆసా అంటారు, దేవతను దివాతా అంటారు. లగూనా ప్రాంతమున దొరికిన ఒక రాగిరేకు మీద శకాబ్దము 822 అని ఉన్నది. అనగా క్రీస్తుశకము 900. సంస్కృతపు మాటలు అంత దూరము అంత ముందుగా పోయినవి.

రెండవ పాలు పోసి, ఉప్పు, కొంచెము మిరియాల పొడి, చీల్చిన పచ్చిమిరపకాయలు మూడు వేసి, సన్నని సెగమీద ముప్పాతిక గంట నుండి గంట వరకు ఉడికించవలెను. మాంసము గరిటెతో నొక్కితే విడిపోవలెను, తొందరపడరాదు. అప్పుడు పావుకిలో గుమ్మడి ముక్కలు, అయిదు నిమిషములకు గుప్పెడు బొబ్బరికాయల ముక్కలు, ఒక పొడుగు వంకాయ. గుమ్మడి కొంత కరిగి పులుసును చిక్కపరచుటే దీనిలోని కిటుకు. చివర మొదటి పాలు. అవి పోసినాక కళపెళ కాగనీయరాదు, మూత పెట్టరాదు. కొబ్బరిపాలలో నూనె చిన్న చిన్న బిందువులై నీటిలో తేలుచుండును. వానిని కలిపి ఉంచేది మాంసకృత్తులు. వేడి ఎక్కువైతే మాంసకృత్తులు గడ్డకట్టి నూనె విడిపోవును. దానినే మనము పాలు విరిగినవి అంటాము. బికోల్ వారు కొన్ని కూరలలో కావలెననే నూనె తేలనిస్తారట. ఇంటావిడ మాత్రము ఈ కూరలో తేలనిచ్చేది కాదట. పొయ్యి ఆర్పి, పిడికెడు మునగాకు దూసి వేసి కలిపితే అయినది.

పసుపు వేయలేదు, మసాలా వేయలేదు, చింతపండు లేదు. నాకు మొదటి ముద్దకు ఏదో మరచినట్లు తోచినది. రెండవ ముద్దకు గుమ్మడి తీపి, రొయ్య ఉప్పు, కొబ్బరి కమ్మదనము వేరువేరుగా తెలిసినవి. కొవ్వు ముక్క నోట కరిగినది. బాగున్నదని ఒప్పుకొనుటకు నాకు మూడవ ముద్ద వరకు పట్టినది. అన్నము మాత్రము ఇంకొంచెము బిరుసుగా ఉంటే బాగుండునని అన్నాను.

“బిరుసు కావలెనంటే ఐ.ఆర్. ఎనిమిది తెప్పించుకో” అన్నది మా అమ్మ. ఆమె మాంసము ముట్టలేదు, ప్రక్కన కూర్చున్నది. ఆమె మాటతో అమ్మాయికి తెలియని సంగతి ఒకటి బయటపడినది. ఫిలిప్పీను తిండి మా ఇంటికి వచ్చుట ఇది మొదటిసారి కాదు. మనీలాకు దక్షిణమున లాస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడినది. 1966 నవంబరులో అది ఐ.ఆర్. 8 అను పొట్టి వరి వంగడమును విడుదల చేసినది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు ఆ విత్తనము వేసి హెక్టారుకు సుమారు 7 టన్నుల పంట తీసి, ఐ.ఆర్. 8 సుబ్బారావు అనే పేరు పొందినారు. “ఆ అన్నము చల్లారితే రాళ్ళు. పొద్దుటి అన్నము రాత్రికి తినలేకపోయేవాళ్ళము. అయినా ఆ ఏడు గాదె నిండినది” అన్నది మా అమ్మ. “అది మీ బాబోయ్ దేశము గింజ అని ఎవరూ చెప్పలేదే!”

తిన్నాక గిన్నెలో సగము కూర మిగిలినది. అమ్మాయితో కూడ దావోలో చదివి, అమీర్‌పేట వసతిగృహములో ఉంటూ అదే పరీక్షకు చదువుతున్న ఇద్దరు స్నేహితురాండ్రు ఉన్నారు. వారికి తీసుకొనిపోతానని అమ్మాయి ఒక ప్లాస్టిక్ డబ్బాలో కూర పోసి, ఉదయము దుకాణములో ఇచ్చిన నల్ల సంచిని వెదకి తెచ్చినది.

“అందులో ఎందుకే, ఒలికిపోతుంది” అన్నది మా అమ్మ. నెమ్మదిగా మెట్లు దిగి, వంటింటి అటకమీది మూడు గిన్నెల ఇత్తడి కారియరును నాచేత దింపించినది. మా నాన్నగారు ఉద్యోగమునకు భోజనము తీసుకొనిపోయినది అది. పై గిన్నెలో అన్నము, నడిమి దానిలో కూర, అడుగు దానిలో రెండు చెంచాల గోంగూర పచ్చడి పెట్టి, “ఆ పిల్లలు పచ్చడి తిని ఎన్నాళ్ళయినదో” అని, మూత బిగించి, పిడి లాగి చూచి అమ్మాయి చేతికి ఇచ్చినది.